మద్దెల ఓడేనా? – పోటీ పిస్తోలు ఎంపికలో ఫ్యాక్టరీ, కస్టమ్ వాదాలు

"ఆడలేక మద్దెల ఓడు" అన్న సామెత తెలుగునాట పుట్టిన కాలానికి పిస్తోలు పోటీలు లేవు. ఉండి ఉంటే మద్దెలకు బదులు పిస్తోలే ఆ సామెతకెక్కి ఉండేదేమో! అమెరికాలో ఏ పట్టణంలోని షూటింగ్ రేంజికైనా ఒక శనివారం ఉదయం వెళ్లి కాసేపు నిలబడితే ఈ సంగతి బోధపడుతుంది. గుండు పది వలయాన్ని విడిచి ఏడులో పడగానే షూటరు అనుమానం మొదట తన చేతి మీదికి పోదు, చేతిలోని పిస్తోలు మీదికి పోతుంది. పక్క వరుసలో నిలబడిన అనుభవజ్ఞుడి చేతిలో, ఎవరో నిపుణుడు నెలల తరబడి అరగదీసి అమర్చిన కస్టమ్ పిస్తోలు మెరుస్తూ ఉంటుంది. "అటువంటిది నాకూ ఉంటే" అన్న కోరిక అక్కడే మొలకెత్తుతుంది.

ఈ కోరిక ఇప్పుడు ప్రవాసాంధ్రుల ఇళ్లలోకీ ప్రవేశించింది. టెన్నిస్, చదరంగం, స్పెల్లింగ్ బీలతో పాటు గాలి పిస్తోలు శిక్షణకు వెళ్తామనే పిల్లలు ఉన్నారు. వారాంతాలలో పోటీలకు వెళ్లే పెద్దలూ ఉన్నారు. అయితే సంగీతానికో, చదువుకో ఇంట్లో సలహా చెప్పగల పెద్దలుంటారు గాని, ఈ క్రీడలో అటువంటివారు దాదాపు ఏ తెలుగు ఇంటిలోనూ లేరు. కనుక ఏ పిస్తోలు కొనాలన్న ప్రశ్నకు జవాబు చెప్పేది తరచుగా దుకాణదారుడో, పోటీలో పరిచయమైన మిత్రుడో అవుతాడు. ఈ ప్రశ్నలో కేవలం వస్తువు ఎంపిక మాత్రమే లేదు. ఒక మధ్యతరగతి కుటుంబపు వేల డాలర్లు, ఒక బిడ్డ ఆత్మవిశ్వాసం, ఇంటిల్లిపాది భద్రత ఇందులో ఇమిడి ఉన్నాయి. అందువల్ల దీనిని అభిమానాల మీద గాక లెక్క మీద తేల్చుకోవడం మేలు.

ఆ లెక్క చెప్పే మాట సూటిగా ఇది: మొదటి పిస్తోలు ఫ్యాక్టరీదే కావాలి, మొదటి మార్పు పిడికి జరగాలి, కస్టమ్ పిస్తోలు వంతు, షూటరు చేసే తప్పు కంటే పిస్తోలు చేసే తప్పు పెద్దదని కొలిచి చూసుకున్న తరువాతనే రావాలి.

రెడీమేడ్, దర్జీ

ఆంధ్రదేశంలో పెరిగినవారికి ఈ భేదం దుస్తుల నుండి సులభంగా తెలుస్తుంది. రెడీమేడ్ చొక్కా ఒక సగటు శరీరాన్ని ఊహించుకుని కుట్టినది. దర్జీ కుట్టిన చొక్కా ఒకే మనిషి కొలతలు తీసుకుని కుట్టినది. ఫ్యాక్టరీ పిస్తోలు వేల చేతులలోకి వెళ్లవలసినది; మురికిలోనూ, చలిలోనూ, రకరకాల తూటాలతోనూ ఆగకుండా పనిచేయవలసినది. అందుకే దాని భాగాల మధ్య కొంత సందు కావాలనే వదులుతారు. కస్టమ్ పిస్తోలులో ఆ సందులను పూడ్చి, ఒక భాగాన్ని మరొకదానికి చేతితో అమర్చుతారు.

ఈ కళ అమెరికాలో ఎలా పెరిగిందో 1911 పిస్తోలు చరిత్రే చెబుతుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఆ .45 కాలిబర్ పిస్తోలును అమెరికా సైన్యం 1911లో స్వీకరించింది. 1985లో బెరెట్టా వచ్చేవరకు అదే సైన్యపు ప్రధాన పిస్తోలు. యుద్ధభూమిలో బురదను తట్టుకునేందుకు దాని స్లైడ్ వదులుగా కదిలేది. కాని ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు ఒడ్డున, క్యాంప్ పెరీలో 1907 నుండి జరుగుతున్న జాతీయ పోటీలకు ఆ వదులుతనం పనికిరాలేదు. అక్కడ యాభై గజాల దూరాన, ఒంటి చేతితో, కేవలం 3.36 అంగుళాల వ్యాసం గల పది వలయాన్ని కొట్టాలి. స్లైడ్ ప్రతిసారీ ఒకే చోట ఆగకపోతే, గొట్టం ప్రతిసారీ ఒకే భంగిమలో కూర్చోకపోతే అది సాధ్యం కాదు. కనుక సైనిక ఆయుధశాలల పనివారు స్లైడ్‌ను బిగించి, గొట్టం మూతి దగ్గరి బుషింగ్‌ను కొత్తగా అమర్చి, ట్రిగ్గర్‌ను నునుపు చేసి పోటీ పిస్తోళ్లను తయారు చేయసాగారు. పౌరులలోనూ ఈ పనిని వృత్తిగా స్వీకరించినవారు వెలిశారు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. నిన్నటి కస్టమ్ నేటి ఫ్యాక్టరీ అవుతూ వచ్చింది. కోల్ట్ కంపెనీ 1957లో గోల్డ్ కప్ అనే పేరుతో పోటీ పిస్తోలును ఫ్యాక్టరీ నుండే విడుదల చేసింది. 1990ల మధ్యలో కింబర్ కంపెనీ, అంతవరకు పనివాడి దగ్గర విడిగా చేయించుకోవలసిన హంగులనేకం పెట్టెలోనుండి తీసిన పిస్తోలులోనే సమకూర్చింది. కంప్యూటరు నడిపే కోత యంత్రాలు వచ్చాక, ఒకనాడు ఆకురాయితో అరగదీసి సాధించిన కొలతలలో చాలావాటిని యంత్రమే ఇవ్వగలుగుతోంది. 2016లో చెక్ దేశపు సి.జెడ్. కంపెనీ తెచ్చిన షాడో 2 వంటి పిస్తోళ్లు పోటీలను దృష్టిలో ఉంచుకునే ఫ్యాక్టరీలో పుట్టినవి. కనుక "ఫ్యాక్టరీది అంటే నాసిరకం" అన్న అభిప్రాయం అరవై ఏళ్ల కిందట కొంత నిజమై ఉండవచ్చునేమో గాని, నేడది పాతబడిన మాట.

పైథాగరస్ చెప్పే తీర్పు

ఇక అసలు లెక్కకు వద్దాం. లక్ష్యం మీద పడిన గుళ్ల చెదురు రెండు కారణాల వల్ల వస్తుంది. ఒకటి పిస్తోలు, తూటాల వల్ల వచ్చేది. షూటరు చేయి రాతిలా నిలిచినా ఇది తప్పదు. రెండవది చేతి వణుకు, చూపు లోపం, ట్రిగ్గర్ లాగడంలోని కుదుపు వల్ల వచ్చేది. ఈ రెండూ ఒకదానిపై ఒకటి ఆధారపడనివి. అటువంటి దోషాలు మామూలు కూడికలో కలవవు. లంబకోణ త్రిభుజపు భుజాల వలె కలుస్తాయి. ఒక భుజం పిస్తోలు దోషం, మరొక భుజం షూటరు దోషం, కర్ణం ఫలకం మీద కనిపించే మొత్తం చెదురు. హైస్కూలులో చదివిన పైథాగరస్ సిద్ధాంతమే ఇక్కడ న్యాయమూర్తి.

ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. యాభై గజాల దగ్గర ఒక ఫ్యాక్టరీ పిస్తోలు తనంతట తాను నాలుగు అంగుళాల చెదురు ఇస్తుందనుకుందాం. కొత్తగా నేర్చుకుంటున్న షూటరు చేయి ఎనిమిది అంగుళాలు చెదరగొడుతుంది. మొత్తం చెదురు పన్నెండు కాదు, సుమారు 8.9 అంగుళాలు. ఇప్పుడు అతడు వేల డాలర్లు పోసి, రెండే అంగుళాల చెదురు గల కస్టమ్ పిస్తోలు కొన్నాడు. పిస్తోలు దోషం సగానికి తగ్గింది. కాని ఫలకం మీది చెదురు 8.9 నుండి 8.2కు మాత్రమే దిగింది. పోస్టు స్టాంపు వెడల్పు పాటి లాభం!

అదే షూటరు పిస్తోలు మార్చకుండా సాధన చేసి తన దోషాన్ని ఎనిమిది నుండి ఆరుకు తగ్గించుకుంటే మొత్తం చెదురు 7.2 అవుతుంది. పైసా ఖర్చు లేని ఈ మెరుగుదల కస్టమ్ పిస్తోలు ఇచ్చిన దానికి రెండింతలకు పైగా ఉంది. త్రిభుజంలో పొడుగైన భుజాన్ని కుదిస్తేనే కర్ణం కుదురుతుందన్న చిన్న సత్యమే దీని వెనుక ఉంది.

అయితే ఇదే లెక్క మరొక వైపు నుండి కస్టమ్ పక్షాన కూడా సాక్ష్యం చెబుతుంది. ఏళ్ల సాధనతో తన దోషాన్ని మూడు అంగుళాలకు తెచ్చుకున్న షూటరు అదే నాలుగు అంగుళాల పిస్తోలుతో కాలిస్తే చెదురు సరిగ్గా అయిదు అంగుళాలు. రెండు అంగుళాల పిస్తోలుతో కాలిస్తే 3.6. పది వలయం వ్యాసం 3.36 అంగుళాలని గుర్తు చేసుకుంటే, ఆ తేడా విలువ తెలుస్తుంది. అంటే ఒకే కస్టమ్ పిస్తోలు కొత్తవాడికి అలంకారం, ఆరితేరినవాడికి ఆయుధం. వస్తువు మారలేదు, దానిని పట్టుకున్న చేయి మారింది.

ఈ అంకెలు ఉదాహరణకు తీసుకున్నవే. ఎవరి అంకెలు వారు తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఇసుక సంచి మీద పిస్తోలును ఆనించి, నిదానంగా పది గుళ్లు ఒక ఫలకం మీద కాల్చాలి. తరువాత అదే దూరాన, అదే తూటాలతో, పోటీలో నిలబడినట్లే నిలబడి మరొక ఫలకం మీద పది గుళ్లు కాల్చాలి. రెండు ఫలకాలనూ పక్కపక్కన పెట్టి కొలిస్తే ఏ భుజం పొడుగో తెలిసిపోతుంది. పరీక్షను మూడు నాలుగు వారాలు తిరిగి చేస్తే ఇంకా మంచిది. కస్టమ్ పిస్తోలుకు బయానా ఇచ్చే ముందు ప్రతి ఒక్కరూ చేయవలసిన పరీక్ష ఇది. చేసేవారు మాత్రం అరుదు.

చేతికీ ఉక్కుకూ నడుమ

మరి షూటరు దోషం ఎక్కడ పుడుతుంది? ముఖ్యంగా రెండు చోట్ల: ముందు గురినీ వెనుక గురినీ ఒకే వరుసలో నిలపడంలోనూ, ట్రిగ్గర్ లాగడంలోనూ.

పది మీటర్ల గాలి పిస్తోలు పోటీలో పది వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. పిస్తోలు మీది రెండు గురుల నడుమ ఎడం 33 సెంటీమీటర్లు అనుకుంటే, ముందు గురి 0.2 మిల్లీమీటరు పక్కకు జరిగినా లక్ష్యం మీద గుండు ఆరు మిల్లీమీటర్లు జరుగుతుంది. గుండు మధ్యభాగం పది వలయాన్ని దాటిపోవడానికి అంతే చాలు. రెండు కాగితాల మందం పాటి కదలిక అది! ఆ కదలికను తెచ్చేది తరచుగా ట్రిగ్గర్ మీది చూపుడు వేలు.

సాధారణమైన ఫ్యాక్టరీ పిస్తోలు బరువు ఖాళీగా ఉన్నప్పుడు ముప్పాతిక కిలోకు లోపే ఉండవచ్చు. దాని ట్రిగ్గర్ లాగడానికి రెండున్నర కిలోల వరకు బలం కావాలి. అంటే వస్తువు బరువు కంటే మూడు నాలుగు రెట్ల బలంతో దానిలోని ఒక మీటను లాగుతూ, ఆ వస్తువును కదలకుండా పట్టుకోవాలి! దీనికి భిన్నంగా, పోటీలకే తయారైన గాలి పిస్తోలు సుమారు కిలో బరువుంటుంది. దాని ట్రిగ్గర్‌కు అంతర్జాతీయ నియమాల ప్రకారం కనీసం అర కిలో చాలు. అందుచేత ట్రిగ్గర్ నునుపుదనం విలాసం కాదు, అవసరం. ఫ్యాక్టరీ పిస్తోలుకు చేయించదగిన మార్పులలో ఇది రెండవది.

మొదటిది పిడి. ట్రిగ్గర్‌ను తిన్నగా వెనక్కు లాగాలంటే చూపుడు వేలి మెత్తని భాగం దాని మీద సరిగ్గా ఆనాలి. చేయి చిన్నదైతే వేలు అందక ట్రిగ్గర్‌ను పక్కకు నెడుతుంది. చేయి పెద్దదైతే వేలు ఎక్కువ లోనికి చొరబడి మరో వైపుకు లాగుతుంది. చిన్న చేతులు గల స్త్రీలకు, పెరిగే వయసు పిల్లలకు ఈ ఇబ్బంది అనుభవంలోనిదే. వారి గుళ్లు పక్కకు పోతుంటే "ఏకాగ్రత లేదు" అని మందలించే పెద్దలు ఒకసారి పిడి వంక చూడడం న్యాయం.

ఒలింపిక్ క్రీడాకారులు ఈ విషయంలో ఆచరించే పద్ధతి ఎంతో విజ్ఞతగలది. వారి పిస్తోళ్లు వాల్టర్, స్టైర్, పార్దినీ, మోరినీ వంటి ఫ్యాక్టరీలలో తయారైనవే. కాని వాల్‌నట్ కర్రతో చేసిన పిడిని మాత్రం ఎవరి అరచేతికి తగినట్లు వారు చెక్కించుకుంటారు. లోతుగా ఉన్నచోట మైనం వంటి కర్ర ముద్ద నింపుతారు, ఎత్తుగా ఉన్నచోట ఆకురాయి పెడతారు. బొబ్బిలి వీణకు మొద్దు పనస కర్రదే అయినా, మైనం మీద మెట్లు కట్టి నాదాన్ని సరిచేసేది చెవి ఎరిగిన చేయి. పిస్తోలు కూడా అంతే. ఉక్కు పని యంత్రానికి వదిలి, చేయి తాకే చోట మాత్రం మనిషి పని పెట్టుకోవడం ఉత్తమ మార్గం. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే కస్టమ్ ఇదే.

పరికరాన్ని పూర్తిగా తీసిపారేయడం కూడా పొరపాటు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీకి చెందిన 51 ఏళ్ల యూసుఫ్ దికేచ్ ప్రత్యేక కటకాలేవీ లేకుండా, మామూలు కళ్లజోడుతో నిలబడి మిశ్రమ జట్టు పోటీలో రజతం గెలిచినప్పుడు, "సామగ్రి అక్కర్లేదు, ప్రతిభ చాలు" అని లోకమంతా చెప్పుకుంది. ఆ ఛాయాచిత్రంలో లోకం చూడనిదొకటుంది. ఆయన చేతిలోనిది కూడా తోటి పోటీదారుల మాదిరిగా పోటీలకే తయారైన పిస్తోలు. ఆయన వదిలేసినవి అలంకారాలు, అవసరాన్ని వదలలేదు.

కస్టమ్‌కు తగిన చోటు

కస్టమ్ పిస్తోలుకు న్యాయమైన స్థానం లేదనడం ఈ వ్యాసపు ఉద్దేశం కాదు. యాభై గజాల .45 పోటీలలో పై మెట్టు చేరినవారికి చేతితో అమర్చిన గొట్టం నేటికీ ఉపకరిస్తుంది. 1976లో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియాలో పుట్టిన ఐ.పి.ఎస్.సి. క్రీడలోనూ దానికి చోటుంది. ఆ క్రీడలో వచ్చిన పాయింట్లను పట్టిన సెకండ్లతో భాగించి ఫలితం తేలుస్తారు. ఓపెన్ విభాగంలో గొట్టం మూతి నుండి వాయువును పైకి చిమ్మి పిస్తోలు ఎగరడాన్ని తగ్గించే కాంపెన్సేటర్లు, ఎర్ర చుక్క గురి పరికరాలు ఉంటాయి. ఆ విభాగంలో మొదటి వరుసలో నిలవాలనుకునేవారికి కస్టమ్ దాదాపు తప్పనిసరి.

ఈ క్రీడలో తూటా బలానికీ ఒక కొలత ఉంది. గుండు బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగులలో తీసుకుని గుణించి వెయ్యితో భాగిస్తారు. ద్రవ్యవేగానికి ఇది పోటీ భాష. 147 గ్రెయిన్ల గుండు 900 అడుగుల వేగంతో పోతే 132 వస్తుంది. అమెరికాలో మైనర్ శ్రేణికి 125, మేజర్ శ్రేణికి 165 ఉండాలి. మేజర్ అయితే నడిమి వలయానికి బయట పడిన గుండుకు ఒక పాయింటు ఎక్కువ. కాని ప్రొడక్షన్ విభాగంలో అందరికీ మైనర్ లెక్కే. ఫ్యాక్టరీ పిస్తోలుతో, మితమైన మార్పులతో, తోటివారితో సమానంగా పోటీ పడే వీలు ఈ విభాగంలో ఉంది. అనుమతించని మార్పు చేయించిన పిస్తోలును ఈ విభాగం నుండి తప్పించి ఓపెన్ పిస్తోళ్ల సరసన నిలబెడతారు. డబ్బు పోసి మెరుగు పెట్టించిన పిస్తోలు ఆ విధంగా తన యజమానిని ఓడించగలదు. పనివాడి దగ్గరకు వెళ్లే ముందు నియమావళి చదవడం అందుకే అవసరం.

నియమాలు స్థిరమైనవీ కావు. ఒలింపిక్ ర్యాపిడ్ ఫైర్ పోటీలో .22 షార్ట్ తూటాల ప్రత్యేక పిస్తోళ్లు ఏథెన్స్ 2004 వరకు చెల్లాయి. మరుసటి ఏడాది నుండి నియమాలు మారి అవి మూలకు చేరాయి. యాభై మీటర్ల ఫ్రీ పిస్తోలు పోటీ రియో 2016 తరువాత ఒలింపిక్స్ నుండే తొలగిపోయింది. ఒక్క పోటీకి మాత్రమే సరిపోయేలా మలచిన పరికరం ఆ పోటీతోనే వృద్ధాప్యం పొందుతుంది. అలవరచుకున్న నైపుణ్యానికి ఆ భయం లేదు.

నమ్మకం కూడా ఒక గుణమే

బిగువు పెరిగిన కొద్దీ పిస్తోలు సున్నితమవుతుంది. సందులు పూడ్చిన యంత్రం కొద్దిపాటి మసికీ, తూటా మార్పుకూ మొరాయించవచ్చు. దానిని బాగుచేయగలవాడు చేసినవాడే కావచ్చు. అతడు మరో రాష్ట్రంలో ఉండవచ్చు. ఫ్యాక్టరీ పిస్తోలుకు విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి.

అత్యున్నత స్థాయిలోనూ యంత్రం మొరాయించడం ఎంత ఖరీదైనదో టోక్యోలో తెలిసింది. 2021లో జరిగిన ఆ ఒలింపిక్స్‌లో భారత క్రీడాకారిణి మనూ భాకర్ పది మీటర్ల గాలి పిస్తోలు అర్హత పోటీ మధ్యలో పిస్తోలు పాడై విలువైన నిమిషాలు పోగొట్టుకుంది. 575 పాయింట్లు సాధించి, రెండే పాయింట్ల తేడాతో ఫైనల్‌కు దూరమైంది. మూడేళ్ల తరువాత పారిస్‌లో ఆమే రెండు కాంస్య పతకాలు గెలిచింది. పరికరం విఫలమైనా సాధన మిగిలి ఉంటుందనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కర్లేదు. ఒకే ఖరీదైన పిస్తోలు కంటె, ఒకే రకపు రెండు మామూలు పిస్తోళ్లు ఉండడం కొన్నిసార్లు తెలివైన పని అని కూడా ఆ ఘటన సూచిస్తుంది.

తూటాల ఖర్చు, ఖర్చు లేని సాధన

ధరలు చూద్దాం. అమెరికాలో పోటీకి పనికివచ్చే ఫ్యాక్టరీ 9 ఎం.ఎం. పిస్తోలు అయిదారు వందల డాలర్లకు దొరుకుతుంది. పేరున్న పనివారి కస్టమ్ 1911 మూడు వేలు దాటుతుంది. నెలల తరబడి ఎదురుచూడాలి కూడా. తేడా రెండున్నర వేల డాలర్లు. తూటా ఒకటి ముప్పై సెంట్లు అనుకుంటే ఆ సొమ్ముకు ఎనిమిది వేలకు పైగా తూటాలు వస్తాయి. వారానికి నూట యాభై చొప్పున కాల్చినా ఏడాది గడుస్తుంది. ఏడాది సాధన ముందు రెండు అంగుళాల గొట్టం ఎంత?

.22 పిస్తోలుతో మొదలుపెడితే ఖర్చు ఇంకా తగ్గుతుంది. దాని గుండు బరువు సుమారు 2.6 గ్రాములు; .45 గుండుది దాదాపు 15 గ్రాములు. వేగాల తేడాను లెక్కలోకి తీసుకున్నా .45 గుండు ద్రవ్యవేగం నాలుగు రెట్లకు పైగా ఉంటుంది. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం పిస్తోలు వెనక్కు తన్నే బలం కూడా ఆ మేరకే పెరుగుతుంది. ఆ తన్నుకు భయపడి ముందుగానే చేయి బిగించడం ఒకసారి అలవాటైతే మాన్పించడం కష్టం. చిన్న తూటాతో మంచి అలవాటు చేసుకుని పెద్ద తూటాకు వెళ్లడమే శ్రేయస్కరం.

ఇక అసలు ఖర్చే లేని సాధన తూటా లేకుండా చేసేది. ఖాళీ పిస్తోలుతో, తూటాలు వేరే గదిలో ఉంచి, సురక్షితమైన గోడవైపు గురిపెట్టి, ముందు గురి చలించకుండా ట్రిగ్గర్ లాగడం రోజూ పావుగంట చేస్తే చాలు. సంగీత విద్యార్థికి సరళీస్వరాలు ఎటువంటివో షూటరుకు ఇది అటువంటిది. హైదరాబాదులో పుట్టి పెరిగిన ఈషా సింగ్ 2018లో పదమూడేళ్లకే గాలి పిస్తోలులో జాతీయ విజేత అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెలిచింది. ఆ వయసు బిడ్డను ఆ స్థాయికి చేర్చేది కొన్న వస్తువు కాదు, మళ్లీ మళ్లీ చేసిన సాధన.

చట్టం, ఇల్లు, పిల్లలు

పిస్తోలు ఎంపిక గురించి ఎంత చెప్పినా, ఇంటి మాట చెప్పకపోతే అది అసంపూర్ణమే. అమెరికాలో వలసేతర వీసాపై ఉన్నవారు, అనగా హెచ్-1బి ఉద్యోగులు, విద్యార్థులు మొదలైనవారు, తుపాకీ గాని తూటా గాని స్వాధీనంలో ఉంచుకోవడాన్ని 1998 నాటి సవరణతో ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజిలో అద్దెకు తీసుకుని చేత పట్టినా అది స్వాధీనమే. మిత్రుల ఉత్సాహం వీసాకు ముప్పు తేకుండా ముందుగా న్యాయవాదిని అడగడం అవసరం. ఫెడరల్ చట్టం గాలి పిస్తోలును తుపాకీగా చూడదు. కాని న్యూజెర్సీ వంటి రాష్ట్రాల చట్టం చూస్తుంది. బ్రిటన్‌లో 1997 చట్టాలు వచ్చిన తరువాత మామూలు పౌరులకు చేతితుపాకీలు దాదాపు లేవు; అక్కడి తెలుగు పిల్లలకు గాలి పిస్తోలే ద్వారం.

కస్టమ్ పనిలో ఒక ప్రమాదం కూడా పొంచి ఉంది. ట్రిగ్గర్‌ను తేలిక చేయడానికి లోపలి కొక్కెపు అంచులను అరగదీస్తారు. తెలియని చేయి ఆ పని చేస్తే, వేలు తాకకముందే పేలే పిస్తోలు తయారవుతుంది. వీడియోలు చూసి ఇంట్లో చేయదగిన పని కాదిది. తేలికైన ట్రిగ్గర్ ఉన్న ఇంట్లో పసిపిల్లలుంటే ఆ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. కనుక పిస్తోలు కొనే ముందు కొనవలసింది ఇనప్పెట్టె. పిస్తోలు ఒక పెట్టెలో, తూటాలు వేరొక పెట్టెలో, తాళాలు పెద్దల దగ్గర ఉండాలి. ఈ ఖర్చుకు వెనుకాడే ఇల్లు ఈ క్రీడకు ఇంకా సిద్ధం కాలేదని అర్థం.

శ్రుతి చేసుకోవడం

హంగరీ సైనికుడు కారోయ్ తకాచ్ కుడి చేయి 1938లో గ్రెనేడు పేలి ఛిద్రమైంది. ఆ చేతితోనే అతడు అంతవరకు పిస్తోలు కాల్చేవాడు. అతడు ఎడమ చేతితో మళ్లీ మొదటినుండి నేర్చుకుని 1948లో లండన్‌లోనూ, 1952లో హెల్సింకీలోనూ ర్యాపిడ్ ఫైర్ పిస్తోలులో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. పోగొట్టుకున్న చేతిని ఏ పనివాడూ చేసి ఇవ్వలేడు. మిగిలిన చేతికి నేర్పుకోవడం మాత్రం మనిషి వశంలో ఉంది.

కచ్చేరీకి కూర్చున్న మార్దంగికుడు మొదట చేసే పని మృదంగాన్ని శ్రుతి చేసుకోవడం. దానిని ఎవరూ తప్పుపట్టరు. వాయించలేక, వాద్యాన్ని మార్చమని అడిగినప్పుడే సభ నవ్వుతుంది. ఫ్యాక్టరీ పిస్తోలు పిడిని చేతికి తగినట్లు చెక్కించుకోవడం, ట్రిగ్గర్‌ను నియమాలకు లోబడి నునుపు చేయించుకోవడం, దానికి ఏ తూటా నప్పుతుందో పరీక్షించి తెలుసుకోవడం శ్రుతి చేసుకోవడం వంటివి. ఆ తరువాత సాధన చేస్తూ, రెండు ఫలకాల పరీక్షలో ఒకనాడు పిస్తోలు భుజమే పొడుగని తేలితే, ఆనాడు నిస్సంకోచంగా కస్టమ్ పనివాడి తలుపు తట్టవచ్చు. అప్పటికి ఆ షూటరు మద్దెలను నిందించే అర్హత సంపాదించుకుని ఉంటాడు. నిజంగా మద్దెల ఓడు కావచ్చు కూడా.